బొమ్మిడాయిని ఇంట్లో పెంచాలంటే: ట్యాంక్ నుంచి తిండి దాకా

బొమ్మిడాయి అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది పులుసే. గోదావరి జిల్లాల్లో దాని రుచి గురించి, రేటు గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్లు ఉన్నారు కానీ, బతికున్న బొమ్మిడాయి ఇసుకలో ఒళ్లంతా దాచుకుని ముక్కు ఒక్కటే బయటపెట్టి చుట్టూ ఏం జరుగుతోందో ఎలా కనిపెడుతుందో చూసినవాళ్లు మాత్రం తక్కువ. మన కాలువల్లో, చెరువుల్లో దొరికే ఈ చేపనే బయటి దేశాల్లో టైర్ ట్రాక్ ఈల్, జిగ్ జాగ్ ఈల్ అనే పేర్లతో డబ్బులు పోసి కొని పెంచుకుంటారు. శాస్త్రీయ నామం మాస్టాసెంబెలస్ ఆర్మేటస్. ఒంటి మీద గోధుమ రంగు, దాని మీద టైర్ అచ్చుల్లాంటి వంకర గీతలు, చివర కండ పెరిగినట్టుండే పొడుగాటి ముక్కు, ఆ ముక్కు అటూ ఇటూ వాసన పసిగడుతూ కదలడం... నన్నడిగితే మంచినీటి చేపల్లో ఇంత ఆసక్తిగా చూడాలనిపించేవి చాలా కొన్నే.

ఇది పాములా ఉన్నా అసలైన ఈల్ జాతి కాదు. అసలైన ఈల్ మన దగ్గర మలుగు పాము, అది నదిలో పెరిగి గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోయే రకం, మీటరు దాటి పెరుగుతుంది, దాన్ని ఇంట్లో పెట్టే ఆలోచనే వద్దు. బొమ్మిడాయిని ముళ్ల ఈల్ అనొచ్చు, ఎందుకంటే వీపు మీద రెక్క మొదలయ్యే ముందు వరసగా 30కి పైగా చిన్న ముళ్లుంటాయి. మామూలుగా పడుకుని ఉంటాయి, పట్టుకుంటే లేస్తాయి. దీని సంగతి మళ్లీ చెప్తాను. అక్వేరియం షాపుల్లో ఎర్ర గీతలతో దొరికే ఫైర్ ఈల్ కూడా ఇదే కుటుంబం, ఆగ్నేయాసియా నుంచి వస్తుంది, అది మీటరు దాకా పెరుగుతుంది. కింద చెప్పేవన్నీ దానికీ వర్తిస్తాయి, కాకపోతే ట్యాంక్ ఇంకాస్త పెద్దది కావాలి.

చేప కంటే ముందు ట్యాంక్

షాపులో ఆరంగుళాల పిల్ల ముద్దుగా కనిపిస్తుంది, రెండడుగుల ట్యాంకులో సరిపోతుందని షాపువాళ్లూ చెప్తారు. సరిపోదు. నదుల్లో ఇది 90 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఇంట్లో బాగా తిండి పెడితే రెండడుగులు దాటడం మామూలే. కాబట్టి పెద్దయ్యాక ఎంత చోటు కావాలో అంత ట్యాంకు ముందే సిద్ధం చేసుకోండి. "ఇప్పటికి చిన్నది పెడదాం, తర్వాత చూద్దాం" అనుకుంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు, మధ్యలో చేప నలిగిపోతుంది.

నేను చెప్పే కొలత 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు. ఎత్తు కోసం డబ్బు పెట్టకండి, ఇది నేల మీద తిరిగే చేప, దానికి కావాల్సింది నేల వైశాల్యం. వెడల్పు మాత్రం రెండడుగులకు తగ్గించొద్దు, లేదంటే పెద్ద చేప సుఖంగా మెలి తిరగలేదు. గాజు కనీసం 10 మిల్లీమీటర్లు, 12 అయితే నిశ్చింత.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ కొలత ట్యాంకులో నీళ్లు, ఇసుక, గాజు, ఇనప స్టాండు అన్నీ కలిపితే 600 నుంచి 700 కిలోలు అవుతుంది, అదంతా చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ జాగాలో కూర్చుంటుంది. మన దేశంలో ఇళ్ల స్లాబులను డిజైన్ చేసేది చదరపు మీటరుకు సుమారు 200 కిలోల లెక్కన. కింద నేల మీద ఇల్లయితే భయం లేదు, పైన ఫ్లాట్ అయితే మాత్రం గోడ వారగా, బీము మీదకు వచ్చేలా పెట్టడం, పెట్టే ముందు తెలిసిన సివిల్ ఇంజనీరుకి ఒకసారి చూపించడం తప్పనిసరి. అద్దె ఇల్లయితే ఓనరుకు చెప్పి పెట్టుకోండి. స్టాండు మీద ప్లైవుడ్, దాని మీద థర్మకోల్ షీటు వేసి, లెవెల్ చూసుకున్నాకే ట్యాంకు ఎక్కించాలి.

మూత

దీనికి విడిగా ఒక భాగం ఎందుకంటే, ఇళ్లల్లో ఈ రకం చేపలు చనిపోయేది జబ్బులతో కంటే ఎక్కువగా ట్యాంకు బయట పడి ఎండిపోవడం వల్లే. రాత్రిపూట మొత్తం ట్యాంకు చుట్టూ తిరిగి ఎక్కడ సందుందో వెతుకుతుంది. ఫిల్టర్ పైపు పట్టుకుని పైకి పాకుతుంది. తల పట్టే సందు దొరికితే ఒళ్లంతా పట్టినట్టే. మీ బొటనవేలు దూరే సందు ఏదున్నా అది తలుపు తెరిచి పెట్టినట్టే లెక్క.

మూత నాలుగు వైపులా కరుచుకుని ఉండాలి. ఫిల్టర్ పైపులు, హీటర్ వైరు, ఎయిర్ ట్యూబు వచ్చే చోట్ల ముతక స్పాంజి ముక్కలు బిగించండి, గాలి ఆడుతుంది, చేప దూరదు. తేలికపాటి ప్లాస్టిక్ మూతను ఇది ముక్కుతోనే ఎత్తేస్తుంది, కాబట్టి గాజు మూత పెట్టి క్లిప్పులు వేయండి, లేదా పైన బరువు పెట్టండి. నీళ్లు అంచు దాకా నింపకుండా మూడంగుళాలు కిందకే ఉంచండి. కొత్తగా తెచ్చిన చేప మొదటి వారం రోజులు ఎక్కువగా పారిపోవాలని చూస్తుంది కాబట్టి, ఆ రోజుల్లో మూత ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోండి.

ఇసుక

బొమ్మిడాయికి ఇసుక అలంకారం కాదు, అది దాని పరుపు, దుప్పటి, దాక్కునే చోటు. రంగురాళ్లు, గులకరాళ్లు వేసిన ట్యాంకులో ఇది దూరాలని ప్రయత్నించి ఒళ్లు గీరుకుపోయి, ఆ గాయాల్లోకి బ్యాక్టీరియా చేరి పుండ్లు పడతాయి. పొలుసులు చాలా సన్నగా ఉంటాయి కాబట్టి చర్మానికి పెద్ద రక్షణ ఉండదు.

వాడాల్సింది సన్నటి నది ఇసుక. ఇళ్లకు ప్లాస్టరింగ్ చేసేటప్పుడు జల్లెడ పట్టే ఆ మెత్తటి ఇసుక చక్కగా సరిపోతుంది. రోబో శాండ్ మాత్రం వద్దే వద్దు, అది రాయిని పిండి చేసి తయారుచేసేది, ప్రతి రేణువుకూ పదునైన అంచులుంటాయి. సముద్రపు ఇసుక కూడా వద్దు, అందులో ఉప్పు, గవ్వల పొడి ఉండి నీటి గుణాన్ని మార్చేస్తాయి. తెచ్చిన ఇసుకను దోమతెర లాంటి జల్లెడలో పట్టి, బకెట్లో వేసి, పైపు పెట్టి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. చేతులు నొప్పి పుడతాయి కానీ ఇక్కడ బద్ధకిస్తే నెలరోజులు ట్యాంకు బురదగా ఉంటుంది. సబ్బు, బ్లీచింగ్ దగ్గరకు రానివ్వొద్దు. మూడంగుళాల మందాన పరవాలంటే ఈ ట్యాంకుకు దాదాపు 130 కిలోల ఇసుక పడుతుంది.

ఇసుకతో పాటు దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు పెట్టండి, పిల్లకు రెండంగుళాలది, పెద్దయ్యాక మూడు నాలుగంగుళాలది. కోసిన అంచులను ఉప్పుకాగితంతో నునుపు చేయాలి. పక్కకు పడుకోబెట్టిన మట్టి కుండలూ బాగుంటాయి. పెద్ద రాళ్లు పెట్టాలనుకుంటే ఇసుక పరిచాక దాని మీద పెట్టొద్దు, ముందే గాజు మీద థర్మకోల్ ముక్క వేసి దాని మీద కూర్చోబెట్టి తర్వాత ఇసుక పోయాలి, ఎందుకంటే ఇది కింద తవ్వేసి రాయిని తన మీదే పడేసుకుంటుంది. మొక్కలు ఇసుకలో నాటినా పీకేస్తుంది. జావా ఫెర్న్, అనుబియాస్ లాంటివి చెక్కకు కట్టి పెట్టుకోండి. లైటు మసకగా ఉంటే చేప పగలు కూడా కాస్త బయటకు వస్తుంది.

నీళ్లు, ఫిల్టరు

మాంసం తినే పెద్ద చేప కాబట్టి మురికి ఎక్కువే చేస్తుంది. గంటకు ట్యాంకు నీళ్లన్నీ నాలుగైదు సార్లు తిప్పగల ఫిల్టరు కావాలి, అంటే 1,500 నుంచి 2,000 లీటర్లది. ఒక పెద్ద క్యానిస్టర్ (ట్యాంకు బయట ఉండే డబ్బా ఫిల్టరు) కంటే రెండు మధ్యరకంవి మేలు, ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది. నీళ్లు పీల్చే పైపు మూతికి స్పాంజి తొడగడం మరచిపోవద్దు. సంప్, అంటే ట్యాంకు కింద ఫిల్టరు కోసం ఇంకో చిన్న ట్యాంకు, పెట్టేవాళ్లు నీళ్లు కిందకు దిగే చోట జాలీ బిగించాలి, లేదంటే ఒక పొద్దున చేప సంపులో కనిపిస్తుంది.

ట్యాంకు నింపిన వెంటనే చేపను వేయకూడదు. చేప విసర్జించే అమోనియాను బ్యాక్టీరియా ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ విషమే, మూడోది తక్కువ మోతాదులో ఉంటే ఫర్వాలేదు. ఆ బ్యాక్టీరియా ఫిల్టరులో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేప లేకుండానే ఒక రొయ్య ముక్క వేసి కుళ్లనిచ్చి ఈ పని మొదలుపెట్టొచ్చు. మీకు తెలిసినవాళ్ల దగ్గర ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు ఉంటే వాళ్ల ఫిల్టరు స్పాంజి ముక్క అడిగి తెచ్చుకుంటే ఇంకా త్వరగా అవుతుంది. చుక్కలు వేసి చూసే టెస్ట్ కిట్ కొనండి. అమోనియా, నైట్రైటు రెండూ సున్నా వచ్చి కొన్ని రోజులు అలాగే నిలబడితేనే చేప.

నీటి వేడి 22 నుంచి 28 డిగ్రీలు, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 6.5 నుంచి 7.5 దీనికి అనువు. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ తీసేసే మందు వేయాలి, ఒక రాత్రి నిలవబెట్టినా మామూలు క్లోరిన్ పోతుంది. బోరు నీళ్లయితే చాలాచోట్ల, హైదరాబాద్‌లో మరీనూ, గట్టిగా, అంటే లవణాలు ఎక్కువగా ఉంటాయి. కొద్దిపాటి గట్టిదనాన్ని బొమ్మిడాయి తట్టుకుంటుంది, మరీ ఎక్కువైతే ఆర్వో నీళ్లు కలిపి వాడండి. పీహెచ్ తగ్గించే మందులతో ఆడుకోవద్దు, అంకె కాస్త అటూ ఇటూ ఉన్నా నిలకడగా ఉండటమే ముఖ్యం. బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది కాబట్టి డ్రమ్ములో పట్టి కొన్ని గంటలు ఎయిర్ పంపు పెట్టి వాడండి.

వారానికి ఒకసారి మూడో వంతు నీళ్లు మార్చాలి. అది వంద లీటర్ల పైమాటే, బకెట్లతో మోస్తే నాలుగు వారాల్లో విసుగొస్తుంది. పొడుగు పైపు, చిన్న మోటారు కొనుక్కోండి, ఆ మురికి నీళ్లు మొక్కలకు పోయండి, మంచి ఎరువు. ఇసుక పైపైన పేరుకున్న చెత్తను సైఫన్‌తో లాగుతూ, వేలితో ఇసుకను మెల్లగా కదుపుతూ ఉండండి. చేప ఎక్కడ దూరి ఉందో చూసుకున్నాకే.

చేపను ఎక్కడి నుంచి తేవాలి

రెండు దారులున్నాయి. అక్వేరియం షాపు ఒకటి, చేపలు పట్టేవాళ్ల దగ్గర ప్రాణంతో ఉన్నది తీసుకోవడం ఇంకోటి. రెండో దారిలో వెళ్లేవాళ్లు గాలానికి పడినది తీసుకోవద్దు, నోరు, గొంతు చీరుకుపోయి ఉంటుంది. మావుల్లో, అంటే చేపలు దూరి చిక్కుకునే బుట్టల్లో, పడినది అడగండి. మార్కెట్లో బేసిన్లో గంటల తరబడి కుక్కి ఉంచినవి కూడా వద్దు, జిగురు పోయి ఒళ్లంతా గీతలు పడి ఉంటాయి. అంత దెబ్బతిన్నాక మీరెంత చూసుకున్నా నిలవడం కష్టం.

చూడాల్సినవి: ముక్కు చివర పుండు లేకుండా ఉండాలి, ఒంటి మీద తెల్లటి మచ్చలు, దూది లాంటి పోగులు ఉండకూడదు, తల వెనక కండ గుంటపడి కత్తిలా కనిపిస్తే చాలా రోజులుగా తిండి లేదని అర్థం. షాపులో అయితే మీ ఎదురుగా తిండి వేయించి తింటుందో లేదో చూడండి. బొటనవేలంత పొడుగు పిల్లలు కాకుండా ఐదారంగుళాలవి తీసుకుంటే బతికే అవకాశం ఎక్కువ.

ఇంటికి తెచ్చాక నేరుగా పెద్ద ట్యాంకులో వేయకుండా, ఇసుక, ఒక పైపు, స్పాంజి ఫిల్టరు, గట్టి మూత ఉన్న వేరే ట్యాంకులో మూడు నాలుగు వారాలు ఉంచండి. మొదటి వారం తినకపోయినా టెన్షన్ పడొద్దు.

తిండి

గుళికలు, పొడి మేత దీని తిండి కాదు, చాలా చేపలు వాటిని ముట్టవు. దీనికి ప్రాణం లాంటిది వానపాము, మన పల్లెల్లో ఎర్రలు అంటామే, అవే. కొత్త చేపకు తిండి అలవాటు చేయడానికి ఇంతకు మించినది లేదు. పురుగుమందులు కొట్టే పొలం నుంచి తవ్వి తేవొద్దు. వర్మీ కంపోస్టు యూనిట్లలో దొరికే వాటిలో ఎర్రగా సన్నగా చారలుండే రకం ఒకటి చేదు ద్రవం వదులుతుంది, చాలా చేపలు నోట పెట్టుకుని ఉమ్మేస్తాయి. ఆఫ్రికన్ రకం అని అమ్మే పెద్దవైతే తింటాయి. ఏవైనా ఒక రోజు తడి గుడ్డలో ఉంచి కడుపులో మట్టి పోయాక, కడిగి వేయండి. పిల్లకు ముక్కలు చేసి, పెద్దదానికి మొత్తంగా.

తర్వాత పచ్చి రొయ్యలు. తల, పొట్టు, నల్ల నరం తీసి, కడిగి, చిన్న ముక్కలు చేసి, ఒక్కో పూటకు సరిపడా పొట్లాలు కట్టి ఫ్రీజర్లో పెట్టుకోండి. ఉప్పు, పసుపు పట్టించినవి వాడకూడదు. రొయ్య ఒక్కటే నెలల తరబడి పెట్టొద్దు, వానపాము, షాపులో దొరికే ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్ (గడ్డకట్టించిన చిన్న ఎర్ర పురుగులు), అప్పుడప్పుడు చేప ముక్క ఇలా మారుస్తూ ఉండాలి. కోడి మాంసం, మటన్ ముక్కలు వేయకండి, ఆ కొవ్వు చేపకు అరగదు.

వేళ ముఖ్యం. ఇది రాత్రి తిరిగే చేప, కాబట్టి లైటు ఆర్పిన అరగంట తర్వాత వేయండి. తోటి చేపలు ముందే మింగేస్తుంటే పొడుగాటి గాజు గొట్టం లేదా సన్నటి పైపు ద్వారా ముక్కలను సరిగ్గా దాని పైపు ముందు పడేలా జారవిడవండి. పిల్లకు రోజూ, అడుగు దాటాక రోజు విడిచి రోజు చాలు. ఒక గంట తర్వాత మిగిలింది ఏదైనా ఉంటే తీసేయాలి. కొన్ని వారాలు ఒకే వేళకు, ఒకే చోట పెడితే మిమ్మల్ని గుర్తుపడుతుంది, మీరు ట్యాంకు దగ్గరకు రాగానే ఇసుకలోంచి లేచి వస్తుంది, ఆ తర్వాత పొడుగాటి పటకారు నుంచి, ఇంకొన్నాళ్లకు చేతి నుంచి కూడా తీసుకుంటుంది. ఈ చేపను పెంచడంలో నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఇదే. తొందరపెడితే మాత్రం జరగదు.

తోడు చేపలు

నోట్లో పట్టే ప్రతిదీ తిండే. గప్పీలు, నియాన్ టెట్రాలు రాత్రికి రాత్రే మాయమవుతాయి. సిల్వర్ డాలర్, టిన్‌ఫాయిల్ బార్బ్ లాంటి పెద్ద, నెమ్మది చేపలు బాగుంటాయి. ఫ్లవర్‌హార్న్ వంటి కొట్లాట చేపలు వద్దు. ట్యాంకు శుభ్రం చేస్తుందని అందరూ వేసే సక్కర్ చేప కూడా వద్దు, పెద్దయ్యాక అది పక్క చేపల ఒంటి జిగురును గీకుతుంది, బొమ్మిడాయి కదలకుండా పడుకునే రకం కాబట్టి సులువుగా దొరికిపోతుంది. రెండు బొమ్మిడాయిలను కలిపి పెడితే పెద్దయ్యాక ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, ఒకటే పెంచండి.

పట్టుకోవడం, మందులు

వలతో పట్టొద్దు, వీపు ముళ్లు వలలో చిక్కుకుని చర్మం చిరుగుతుంది. ఉత్త చేత్తో పట్టుకుంటే ఆ ముళ్లు మీకే గుచ్చుకుంటాయి. అది దాక్కునే పైపును రెండు వైపులా మూసి, పైపుతో సహా ఎత్తి మార్చడం అన్నిటికంటే సులువు.

మందుల విషయంలో చాలా జాగ్రత్త. రాగి కలిసిన మందులు, ఫార్మలిన్, మలకైట్ గ్రీన్ మామూలు చేపలకు చెప్పిన మోతాదులో దీనికి వేస్తే ప్రాణం మీదకొస్తుంది. షాపువాళ్లు నీలం సీసా ఏదో చేతిలో పెట్టి ఇన్ని చుక్కలు అంటే, అందులో ఏముందో చదవకుండా వేయొద్దు, తప్పనిసరైతే సగం మోతాదుతో మొదలుపెట్టండి. తెల్ల మచ్చల జబ్బు వస్తే ముందు నీళ్ల వేడిని రోజుకో డిగ్రీ చొప్పున 30కి పెంచి, ఎయిర్ పంపు ఎక్కువ పెట్టి, రెండు వారాలు అలాగే ఉంచి చూడండి. లీటరుకు ఒక గ్రాము కళ్లుప్పును ఇది తట్టుకుంటుంది. బాగా తింటున్నా చిక్కిపోతుంటే కడుపులో నులిపురుగులున్నాయని అనుమానించాలి, అప్పుడు చేపల వైద్యం తెలిసినవాళ్లను అడిగి తిండిలో మందు పెట్టాలి.

ఎండాకాలం, కరెంటు, ఊరు ప్రయాణం

మే నెలలో విజయవాడ, రాజమండ్రి, ఖమ్మం వైపు ఇంట్లో ట్యాంకు నీళ్లు 33 డిగ్రీలు దాటిపోతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు మాత్రం ఇంకా ఎక్కువ కావాలి. చేప పైకి వచ్చి నోరు తెరుస్తూ ఉంటే అది ఆకలి కాదు, ఊపిరాడట్లేదు. మూతలో ఒక భాగాన్ని గాజుకు బదులు గట్టి ఇనప జాలీతో చేయించి, దాని మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, ఆవిరైన నీళ్లు మాత్రం రోజూ పోస్తుండాలి. ఐసు గడ్డలు నేరుగా వేయకండి, వేడి ఒక్కసారిగా మారడం ఇంకా ప్రమాదం. చలికాలం హైదరాబాద్‌లో 300 వాట్ల హీటరు కావాలి, దానికి తప్పకుండా ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, లేదంటే వెచ్చగా ఉందని చుట్టుకుని ఒళ్లు కాల్చుకుంటుంది.

కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి, లేదా ఒక ఫిల్టరును ఇన్వర్టరుకు కలపండి. నాలుగైదు గంటలకు మించి ఫిల్టరు ఆగితే, లోపలి నీళ్లు కుళ్లి ఉంటాయి, మళ్లీ వేసే ముందు ట్యాంకులోంచి తీసిన నీళ్లతో కడిగి పెట్టాలి.

సంక్రాంతికి ఊరెళ్తున్నారా, అడుగు దాటిన చేప వారం రోజులు తినకపోయినా ఏమీ కాదు. వెళ్లే ముందు రోజు నీళ్లు మార్చండి, వెళ్లే రోజు తిండి పెట్టకండి. పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి వెళ్తే రొయ్యల పొట్లాలు అప్పజెప్పొద్దు, ప్రేమతో ఎక్కువ వేసి నీళ్లు పాడుచేస్తారు. ఫిల్టరు తిరుగుతోందా, మూత సరిగా ఉందా అని రోజుకోసారి చూసి ఫోన్ చేయమనండి, అది చాలు.